మరణాల లెక్క ఒక అమానతు
జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమ అంటువ్యాధుల చరిత్ర నుండి ఒక పాఠం

1911 జనాభా లెక్కల ప్రకారం నిజాం రాజ్యపు జనసంఖ్య 1,33,74,676. పదేళ్ళ తరువాత, 1921లో, అది 1,24,71,770కి పడిపోయింది. అంతకు ముందరి దశాబ్దంలో ఇరవై లక్షలకు పైగా పెరిగిన జనాభా ఈ దశాబ్దంలో తొమ్మిది లక్షలు తరిగిపోయింది. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా, దానికి తోడైన కరవు, 1911 నుండి హైదరాబాదును బాధించిన ప్లేగు ఈ నష్టానికి ముఖ్య కారణాలు. అప్పుడు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కరీంనగర్ జిల్లాలో భాగాలు. గ్రామాలలో చావుపుట్టుకల నమోదు గ్రామాధికారుల చేతిలో ఉండేది. అది ఎంత లోపభూయిష్టమైనదో ఆ కాలపు అధికారులకే తెలుసు. తొమ్మిది లక్షల లోటు జనగణన నాడు తేలిందే కాని, తెగులు ఊళ్ళమీద పడి నడుస్తున్న వారాలలో దాని నడకను చూపగల పట్టిక పాలకుల చేతిలో లేదు.

అంటువ్యాధి ఎంత వేగంతో వ్యాపిస్తుంది, ఎందరిని తాకుతుంది, ఏ అడ్డు పెడితే ఎంత తగ్గుతుంది అని ముందుగా అంచనా కట్టే గణితవిద్య నేడు ప్రపంచమంతటా ప్రాధాన్యం పొందింది. రానున్న విపత్తులకు ఈ విద్యలో శక్తిని పెంచుకోవాలని ప్రభుత్వాలు, విద్యాసంస్థలు చెబుతున్నాయి. ఈ శక్తి పెద్ద నగరాలలోని యంత్రాల నుండి మాత్రమే రాదు. ప్రతి ఊరిలోనూ మరణాన్ని, జబ్బును నిజాయితీగా, వెంటనే వ్రాసిపెట్టే అలవాటే దానికి పునాది. ఇస్లామీయ చరిత్ర, దక్కను చరిత్ర, కరీంనగర్ సీమ ఇటీవలి అనుభవం, మూడూ ఈ విషయాన్నే నిరూపిస్తున్నాయి.

అమ్‌వాస్ నుండి కైరో వరకు

హిజ్రీ 18వ సంవత్సరంలో (క్రీ.శ. 639) పాలస్తీనాలోని అమ్‌వాస్ వద్ద మొదలైన తాఊన్ సిరియా దేశమంతటా వ్యాపించింది. సేనాని హజ్రత్ అబూ ఉబైదా (రజి), హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) వంటి మహనీయులు అందులోనే కన్నుమూశారు. అంతకుముందు ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరగానే తెగులు వార్త అందింది. వారు మొదట ముహాజిర్లను, తరువాత అన్సార్లను, ఆపైన ఖురైషు పెద్దలను వేరువేరుగా సంప్రదించారు. అభిప్రాయాలు విని తిరిగి వెళ్ళాలని నిశ్చయించారు. ఇది దైవనిర్ణయం నుండి పారిపోవడం కాదా అని అబూ ఉబైదా (రజి) ప్రశ్నించినప్పుడు, ఒక దైవనిర్ణయం నుండి మరొక దైవనిర్ణయం వైపుకే వెళుతున్నామన్న భావంతో ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. అప్పుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, తెగులు ఉన్న ప్రదేశంలోకి పోరాదని, తామున్న చోట అది వస్తే అక్కడినుండి పారిపోరాదని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని సాక్ష్యమిచ్చారు.

ఈ సంఘటనను దిగ్బంధానికి ఆధారంగా చూపడం పరిపాటి. అందులో గమనించదగిన మరొక సంగతి కూడా కలదు. వార్త అందింది, దానిపై సంప్రదింపు జరిగింది, నమ్మదగిన సాక్షి మాట విన్నారు, నిర్ణయం అమలయింది. తెగులు కాలంలో పాలకునికి కావలసిన క్రమం ఇదే.

హిజ్రీ 833లో (క్రీ.శ. 1430) కైరో నగరంలో ప్లేగు చెలరేగింది. హదీసు విద్యలో అగ్రగణ్యులైన హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ ఆ నగరంలోనే ఉన్నారు. 819లో వచ్చిన ప్లేగులో ఇద్దరు కుమార్తెలను పోగొట్టుకున్న ఆ తండ్రి, ఈసారి గర్భవతి అయిన పెద్ద కుమార్తెను పోగొట్టుకున్నారు. తాఊన్ విషయమై వారు రచించిన 'బజ్లుల్ మాఊన్' గ్రంథంలో కంటితో చూచిన ఒక లెక్క కలదు. రోజుకు నలభై కన్న తక్కువ మరణాలు జరుగుతున్న దశలో ప్రజలు మూడు రోజులు ఉపవాసముండి, ఎడారిలోకి వెళ్ళి సామూహికంగా ప్రార్థించి వచ్చారు. ఆ నెల ముగియకముందే రోజువారీ మరణాలు వేయి దాటాయి.

ఇబ్నె హజర్ గారు తెగులు ఒకరి నుండి మరొకరికి అంటుకుంటుందన్న సిద్ధాంతాన్ని అంగీకరించలేదు. అయినా తాను చూచిన సంఖ్యను మార్చలేదు, దాచలేదు. అందువల్లనే ఆయన సిద్ధాంతంతో ఏకీభవించని వారు కూడా ఆరువందల ఏళ్ళ తరువాత ఆ లెక్క నుండి గుణపాఠం తీసుకోగలుగుతున్నారు. వ్యాఖ్య కాలంతో మారవచ్చును. నిజాయితీతో వ్రాసిన సంఖ్య మారదు.

ఆ కాలపు కైరోలో వారసత్వ వ్యవహారాలు చూచే దీవాన్ మరణాలను నమోదు చేసేది. చరిత్రకారులు ఆ ఒక్క లెక్కతో తృప్తిపడలేదు. జనాజా నమాజు జరిగే ముసల్లాల వద్ద లెక్కించిన సంఖ్యలను కూడా పేర్కొన్నారు. దీవాన్ దృష్టికి రాని మరణాలు చాలా ఉన్నాయని వారికి తెలుసు. ప్రభుత్వపు లెక్కను మరొక లెక్కతో సరిచూచుకోవడమనే పద్ధతి ఆనాడే ఉన్నదన్నమాట.

ఇక పడమటి కొసన, గ్రనడాలో, వజీరు ఇబ్నుల్ ఖతీబ్ (మరణం 1374) 1348 నాటి మహమారిని చూచి ఒక గ్రంథం వ్రాశారు. రోగితో కలిసి మెలిసి ఉన్నవారు జబ్బుపడటం, దూరంగా ఉన్నవారు బయటపడటం, బట్టలు, పాత్రలు, చెవికమ్మల వంటి వస్తువుల ద్వారా రోగం ఇంటింటికీ పాకటం, తెగులు ఉన్న దేశం నుండి మనుషులు దిగిన రేవు పట్టణంలో అది మొదలుకావటం వంటి అనుభవాలను ఎత్తిచూపి, రోగం అంటుకునేదే అని వాదించారు. మనుషుల రాకపోకలే తెగులుకు దారి అన్న ఈ మాట జగిత్యాల, సిరిసిల్ల విషయంలో మరల గుర్తు చేసుకోవలసి వస్తుంది.

బేగంపేట నుండి ఎడింబరో వరకు

ఆధునిక కాలంలో ఈ విద్య గణితరూపం ధరించడానికి నాంది పలికిన చోట్లలో సికింద్రాబాదు ఒకటి. 1897 ఆగస్టు 20న, బేగంపేటలో పనిచేస్తున్న సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ దోమ హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టినది. తన శరీరాన్ని పరీక్షకు అప్పగించినందుకు ఆ పేదవానికి ముట్టినది కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం లభించింది. హుసేన్ ఖాన్ పేరు రాస్ వ్రాసుకున్న కాగితాలలో మిగిలింది.

రాస్ అక్కడితో ఆగలేదు. 1908లో మారిషస్ దీవి మలేరియాపై నివేదికలోను, 1911లో వెలువడిన తన గ్రంథపు రెండవ కూర్పులోను దోమల సంఖ్యకు, రోగుల సంఖ్యకు గల సంబంధాన్ని సమీకరణాలుగా వ్రాశాడు. దోమలన్నిటినీ చంపితే తప్ప మలేరియా పోదన్న వాదాన్ని ఆ గణితం ఖండించింది. దోమల సంఖ్యను ఒక హద్దుకు దిగువకు తెస్తే చాలును. ఆపైన రోగం దానంతటదే క్షీణిస్తుంది. ఖర్చు ఎక్కడ పెట్టాలో, ఎంత పెడితే ఫలితం ఉంటుందో చెప్పగలగడమే ఈ విద్య ప్రయోజనం.

భారతదేశపు వైద్యసేవలో పనిచేసి, కసౌలి పాశ్చర్ సంస్థకు అధిపతిగా ఉండిన మెకెండ్రిక్ ఎడింబరోకు తిరిగివెళ్ళి, ప్రయోగశాల ప్రమాదంలో చూపు కోల్పోయిన కెర్మాక్‌తో కలిసి 1927లో ఒక సిద్ధాంతం ప్రకటించాడు. జనాన్ని మూడు భాగాలుగా విడదీయాలి: ఇంకా రోగం సోకనివారు, రోగం ఉన్నవారు, కోలుకొని గాని మరణించి గాని తొలగినవారు. ఒక వర్గం నుండి మరొక వర్గానికి మనుషులు ఎంత వేగంతో మారుతున్నారో తెలిస్తే తెగులు ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో లెక్కించవచ్చును. ఒక రోగి ఇద్దరికి అంటిస్తే, ఆ ఇద్దరు నలుగురికి అంటిస్తే, పదవ మెట్టుకు 1,024 మంది అవుతారు. అదే ఒక్కొక్కరు ఒకరికన్న తక్కువమందికి అంటిస్తే తెగులు ఆరిపోతుంది. ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి వారు తీసుకున్నది 1905 డిసెంబరు నుండి 1906 జూలై వరకు బొంబాయిలో ప్లేగువల్ల సంభవించిన మరణాల వారవారీ పట్టిక.

బొంబాయి నగరపాలకులు వారవారం ఆ మరణాలను వ్రాసిపెట్టి ఉండకపోతే ఆ సిద్ధాంతానికి ఆ ఋజువు దొరికేది కాదు. హైదరాబాదులోనూ 1908 మూసీ వరద, 1911 ప్లేగుల అనంతరం 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు వాడలను విశాలపరచింది. కాని ఆ మేలు రాజధాని వరకే. తాలూకా గ్రామాలకు అటువంటి పట్టిక లేదు కనుక అక్కడి చావులు గణితానికి ఎక్కలేదు.

2003 వేసవి

స్వాతంత్ర్యం వచ్చిన యాభై ఏళ్ళ తరువాత కూడా ఈ కొరత తీరలేదని 2003లో తేలిపోయింది. ఆ ఏడు జూన్ మొదలుకొని వరంగల్, కరీంనగర్ జిల్లాలలో పసిపిల్లలకు ఉన్నట్లుండి జ్వరం, వాంతులు, ఫిట్స్ వచ్చి స్పృహ తప్పేది. ఆసుపత్రిలో చేర్చిన రెండు రోజులలోనే అనేకులు మరణించారు. రాష్ట్రంలో నమోదైన 329 మంది పిల్లలలో 183 మంది చనిపోయారు. అనగా నూటికి యాభై ఐదుగురికి పైగా. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ అప్పుడు కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి.

మొదట ఇది ఏ రోగమో వైద్యులకు అంతుపట్టలేదు. పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షించి, చాందీపురా వైరస్ కారణమని ప్రకటించింది. 1965లో నాగపూరు సమీపాన గల చాందీపురా గ్రామంలో మొదట కనుగొనబడినందున దానికి ఆ పేరు వచ్చింది. మట్టిగోడల పగుళ్ళలో, పశువుల కొట్టాలలో పెరిగే ఇసుక ఈగ దీనిని మోస్తుంది. కారణం విషయమై శాస్త్రజ్ఞులలో కొంతకాలం వాదోపవాదాలు నడిచాయి. తరువాత వరంగల్‌లో జరిగిన పరిశోధన ఉత్తర తెలంగాణ పిల్లలలో మెదడువాపుకు ఈ వైరస్ ఒక ప్రధాన కారణమని నిర్ధారించింది.

వైరస్ పేరు తెలిసేటప్పటికి ఆ ఏటి కాలం చాలావరకు గడిచిపోయింది. పది ఊళ్ళలో ఒక్కొక్క పిల్లవాడు చనిపోతే ప్రతి ఊరూ దానిని తన విధివ్రాత అనుకుంటుంది. ఆ పది మరణాలు ఒకే కాగితం మీదకు వచ్చినప్పుడు మాత్రమే అది తెగులని బయటపడుతుంది. దేశమంతటా వ్యాధుల సమాచారాన్ని సేకరించే సమీకృత పర్యవేక్షణ కార్యక్రమం 2004 నవంబరులో మొదలైంది. అయినా 2024లో గుజరాత్, పరిసర ప్రాంతాలలో అదే వైరస్ మరల తలయెత్తింది. ఆగస్టు నాటికి మెదడువాపు కేసులు 245, మరణాలు 82 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. వీటిలో చాందీపురా అని పరీక్షలో తేలినవి 64. అప్పటికీ దీనికి టీకా గాని, ప్రత్యేకమైన మందు గాని లేదు. మందు లేనిచోట ముందుగా తెలుసుకోవడమే రక్షణ.

2020: హారం లేని లెక్క

ఈ సీమ ప్రజలు ఒకచోట కదలక ఉండేవారు కారు. సిరిసిల్ల మగ్గాల పద్మశాలీలు భీవండి, సూరత్, షోలాపూర్‌లకు వలసపోయారు, తిరిగి వచ్చారు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల యువకులు డెబ్బైల దశకం నుండి దుబాయి, మస్కట్, సౌదీ అరేబియాలకు పోతున్నారు. ఒకే గదిలో పదిమంది నిద్రించే గల్ఫ్ కార్మికుల నివాసానికి, ఆడవారు గుంపుగా కూర్చుండి బీడీలు చుట్టే కోరుట్ల వాకిలికి మధ్య దూరం ఒక్క విమానప్రయాణం. ఢిల్లీలో కూర్చుండి దేశమంతటికీ ఒకే సగటు వేసే లెక్కలో ఈ ప్రత్యేకత కనబడదు. ఇబ్నుల్ ఖతీబ్ రేవు పట్టణం గురించి వ్రాసినది ఈ పట్టణాలకు సముద్రం లేకపోయినా వర్తిస్తుంది.

2020 మార్చిలో ఇండోనేషియా నుండి వచ్చిన పదిమంది ధర్మప్రచారకులు రైలులో రామగుండం మీదుగా కరీంనగర్ చేరారు. వారిలో పలువురికి కరోనా ఉన్నట్లు తేలింది. అధికారులు ఆ ప్రాంతాన్ని దిగ్బంధించి, ఇంటింటికీ వెళ్ళి ఆరా తీశారు. అదే నెలలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సంగతి బయటపడింది. ఏప్రిల్ 5న కేంద్ర ఆరోగ్యశాఖ ఒక లెక్క వినిపించింది: దేశంలో కేసులు 4.1 రోజులలో రెట్టింపవుతున్నాయి. తబ్లీగీ జమాఅత్ సమావేశం జరగకుండా ఉంటే 7.4 రోజులు పట్టేది.

చూడటానికి ఇది శుద్ధగణితం. కాని గణితంలో లవము ఒక్కటే చాలదు, హారం కూడా కావాలి. ఎందరికి రోగం తేలింది అన్నదాని క్రింద ఎందరిని పరీక్షించారు అన్నది ఉండి తీరాలి. ఆ రోజులలో పరీక్షలు బహు స్వల్పం. విదేశాల నుండి వచ్చినవారికి, రోగులతో కలిసినవారికి, తీవ్రంగా జబ్బుపడినవారికే అవి దక్కేవి. మర్కజ్‌తో సంబంధం ఉన్నవారిని మాత్రం ఊరూరా వెదకి పరీక్షించారు. ఎక్కడ వెదికితే అక్కడే ఎక్కువ దొరుకుతుంది. సమావేశం వల్ల రోగం వ్యాపించలేదని కాదు; వ్యాపించింది. ఇరుకైన చోట జనం గుమిగూడితే ఏ మతస్థుల మధ్యనైనా వ్యాపిస్తుంది. అయితే హారం చెప్పని ఆ సంఖ్య ఒక సమాజంపై నిందగా మారింది. అనేక చోట్ల కూరగాయలమ్మే ముస్లిమును వాడలోకి రానివ్వని రోజులు వచ్చాయి. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాఅత్ సభ్యులపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకొన్నట్లు కనబడుతున్నదని వ్యాఖ్యానించింది.

హదీసు విద్యార్థికి ఈ సంగతి క్రొత్తది కాదు. మాట ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, దాని సనదు తెగిపోతే ముహద్దిసులు దానిని బలహీనమని ప్రక్కన పెడతారు. ఎక్కడినుండి వచ్చింది, ఎవరు చెప్పారు, చెప్పినవాడు స్వయంగా విన్నాడా అని అడుగుతారు. సంఖ్యకు కూడా సనదు ఉంటుంది. వార్త వచ్చినప్పుడు విచారించుకోవాలని, లేనిచో తెలియక ఒక జనసమూహానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హుజురాత్ సూరా హెచ్చరిస్తున్నది. ఈ ఆదేశం అంకెలకూ వర్తిస్తుంది.

నిపుణులు కూడా పొరబడతారు. హైదరాబాద్ ఐ.ఐ.టి.కి చెందిన ఆచార్య ఎం. విద్యాసాగర్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ సంఘం 2020 అక్టోబరులో ఒక అంచనా ప్రకటించింది. తెగులు శిఖరం సెప్టెంబరులోనే దాటిపోయిందని, జాగ్రత్తలు పాటిస్తే ఫిబ్రవరి నాటికి కేసులు మిక్కిలి తగ్గిపోతాయని అది తెలిపింది. 2021 వసంతంలో రెండవ అల విరుచుకుపడి, మే నెలలో రోజుకు నాలుగు లక్షల కేసులు దాటాయి. డెల్టా రకం వైరస్ రావడం ఒక కారణం. అంతకుమించి, 2020 డిసెంబరు, 2021 జనవరిలలో జరిగిన రక్తపరీక్షల సర్వేలో ప్రతి ఐదుగురిలో ఒక్కరికే రోగం సోకిన గుర్తులు కనబడ్డాయి. నలుగురు ఇంకా మొదటి వర్గంలోనే ఉన్నారన్న హెచ్చరిక ఆ సంఖ్యలోనే ఉన్నది. అంచనా అనగా భవిష్యవాణి కాదు. ఇట్లుంటే అట్లు జరుగుతుందన్న షరతు వాక్యం. షరతు మారిన మరుక్షణం లెక్క మార్చుకోవాలి.

మంచి ఉదాహరణ కూడా హైదరాబాదు నుండే వచ్చింది. సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు 2020 ఆగస్టులో నగరపు మురుగునీటిలోని వైరస్ అవశేషాలను కొలిచి, సుమారు 6.6 లక్షలమందికి రోగం సోకి ఉండవచ్చునని అంచనా వేశారు. మురుగునీరు ఎవరి మతమూ అడగదు, పరీక్షకు వచ్చినవారిని, రానివారిని వేరుచేయదు. హారం ఉన్న లెక్క అంటే ఇదే.

రానున్న కాలానికి

అంచనా వేయడం గైబ్ జ్ఞానాన్ని చేతబట్టడం కాదా అని కొందరు సందేహించవచ్చు. మబ్బు చూచి విత్తనం సిద్ధం చేసుకునే రైతు గైబ్ తెలుసునని చెప్పుకోవడం లేదు. ఒంటెను కట్టివేసిన తరువాతే అల్లాహ్‌పై భారం వేయాలన్నది ప్రవక్త (స) బోధన. కారణాలను వెదకడం తవక్కుల్‌లో భాగమే.

ఇక చేయవలసినది చేతికి అందని పని కాదు. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమయ్యాయి. సామాజిక వైద్యశాఖ ప్రతి వైద్యకళాశాలలోనూ ఉంటుంది. ఈ జిల్లాల రాకపోకలు, ఇంటింటి జనసంఖ్య, మగ్గాల షెడ్లు, బీడీ వాకిళ్ళు, గల్ఫ్ నుండి తిరిగివచ్చే కాలాలు తెలిసిన విద్యార్థులు ఇక్కడివారే. వారికి గణితం నేర్పితే ఈ సీమ తెగుళ్ళను ఈ సీమవారే లెక్కించగలరు. గణితం వచ్చిన ముస్లిం యువతీయువకులు ఈ శాస్త్రంవైపు రావడం సమాజానికి మేలు. తమపై వచ్చిన లెక్కను తిరిగి సరిచూచే శక్తి అప్పుడే కలుగుతుంది.

రెండవ పని మస్జిదు కమిటీలది. 2021లో అనేక నగరాలలో విలేకరులు శ్మశానాలకు, ఖబరస్తాన్లకు వెళ్ళి సమాధులు, చితులు లెక్కించి అధికారిక సంఖ్యతో పోల్చారు. 2020, 2021 సంవత్సరాలలో భారతదేశంలో తెగులు మూలంగా అదనంగా సంభవించిన మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది; అధికారిక లెక్క ఐదు లక్షలకు లోపే. ప్రభుత్వం ఆ అంచనాను అంగీకరించలేదు. ఈ వివాదం తీర్చగలది ఊరూరి మరణ పట్టిక ఒక్కటే. ప్రతి ఖబరస్తాన్‌లో ఒక రిజిస్టరు ఉంచి, ఖననమైనవారి వయస్సు, తేదీ, ఊరు, చనిపోవడానికి ముందు ఏ జబ్బుతో బాధపడ్డారో వ్రాసి, నెలకొకసారి దాని సారాంశాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అందజేయవచ్చును. కైరో చరిత్రకారులు ముసల్లాల వద్ద చేసిన పని ఇదే. మామూలు రోజులలో ఎన్ని జనాజాలు లేస్తాయో తెలిసి ఉంటేనే, అసాధారణమైన వారం రాగానే గుర్తించడం సాధ్యం. ఒక నెలలో నలుగురు పిల్లలు ఒకే విధంగా చనిపోతే ఆ రిజిస్టరే మొదటి హెచ్చరిక అవుతుంది.

మృతునికి జనాజా నమాజు చేయడం బ్రతికి ఉన్నవారిపై ఉన్న బాధ్యత. ఆ మరణాన్ని ఉన్నది ఉన్నట్లు వ్రాసిపెట్టడం కూడా మృతుడు తన వెనుక మిగిలినవారికి అప్పగించిన అమానతే. 1918లో ఈ అమానతును నెరవేర్చే ఏర్పాటు ఈ తాలూకాలలో లేదు. 2003లో అది ఆలస్యమైంది. 2020లో సగం మాత్రమే చెప్పబడింది. రాబోయే తెగులు పేరు ఏదైనా, దానిని ఎదుర్కొనే సిద్ధబాటు ఊరి రిజిస్టరులో నిజాయితీగా వ్రాసిన మొదటి పంక్తితో మొదలవుతుంది.